ఏ కవచంలో ఉన్నారండీ?

మా ఆయన కనబడనంత దూరంలో ఉన్నన్నాళ్లూ నేను బాగానే ఉన్నాను. టీవీలో ఉండి కూడా కనబడకపోవడం మొదలైన దగ్గరనుంచే నాకు పిచ్చెక్కింది.

నాలుగు నిమిషాల అరబ్బీ పాట. అందులో కవచాలు తొడుక్కుని, మొహాలు మూసేసుకుని, ఇసుకలో పరిగెత్తే మగాళ్లు ఓ పాతికమంది. వాళ్లలో ఒకరు మా ఆయన. ఎవరో కనుక్కోవాలి. ఇంతే విషయం. ఈ ఇంతే విషయం మీద నేను నెలల తరబడి వేగిపోయాను.

పాప నా కడుపులో ఉండగా ఆయన కువైట్ వెళ్లారు. రెండేళ్లకి సెలవు మీద రావలసిన మనిషి. ఈలోగా పనిలో పెట్టుకున్న యజమాని మారడం, పాస్‌పోర్టు పాతాయన దగ్గరే ఉండిపోవడం, ఇదిగో అదిగో అనడం, అలా అలా పాపకి మూడేళ్లు నిండాయి. దాని లెక్కలో నాన్నంటే గోడకి వేలాడే పెళ్లిఫోటోలో సగం. "నాన్నేడమ్మా?" అని ఎవరడిగినా గోడ చూపించేది. అడిగినవాళ్లు ముద్దుగా ఉందని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఎందుకు రాదంటే, పక్కింట్లో జరిగింది కళ్లారా చూశాను కాబట్టి. ఆ ఇంటాయన మస్కట్ నుంచి సెలవు మీద దిగారు. రావులపాలెంలో బస్సు దిగి, కారు మాట్లాడుకుని, మా వీధిలోకి వచ్చేసరికి జనమంతా గుమ్మాల్లో ఉన్నాం. ఆయన చేతులు చాపితే నాలుగేళ్ల కొడుకు గావుకేక పెట్టి వాళ్లమ్మ కొంగులో దూరాడు. "అమ్మా, ఎవరో అంకుల్ వచ్చేరు" అన్నాడు. ఉన్న సెలవంతా ఆ పిల్లాడు ఆయన ఒళ్లోకి వెళ్లలేదు. తిరిగి వెళ్లే రోజున ఆ పెద్దమనిషి కారెక్కి కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ క్షణాన నేను గట్టిగా అనుకున్నాను. మా ఆయన వచ్చేసరికి నా కూతురు ఆయన్ని పోల్చుకోవాలి. కేకపెట్టకూడదు. పరిగెత్తుకుంటూ ఎదురెళ్లాలి.

అలాంటి సమయంలో ఆ సీడీ వచ్చింది. అల్లవరం కుర్రాడొకడు సెలవుకి వస్తూ తలనొప్పి బామ్మూ సబ్బులూ టార్చిలైటూ తెచ్చి, వాటితో పాటు తళతళలాడే బిళ్ల ఒకటి చేతిలో పెట్టాడు. "అన్న ఇందులో ఉన్నాడండీ వదినా. యాక్ట్ చేసేడు" అన్నాడు. మా ఆయన పని డేరాలు లారీలో వేసుకెళ్లి ఎడారిలో పాతడం. ఎవరో పాట తీయడానికి వచ్చి డేరాలు అడిగారట. డేరాలతో పాటు ఒకరిద్దరు పొడుగాటి మనుషులు కూడా కావాలన్నారట. పొడుగంటే మా ఆయన ఉన్నారుగా.

ఊళ్లో వీసీడీ ప్లేయరున్న ఇంటినుంచి దాన్ని అరువు తెచ్చాం. అత్తయ్యగారు టీవీకి పసుపూ కుంకుమా పెట్టారు. వీధి వీధంతా మా హాల్లోనే. పాట మొదలైంది. ఇసుక, గుర్రాలు, పొగ. తెల్లబట్టలేసుకున్న పాటగాడు జుట్టు ఎగరేసుకుంటూ నడిచొస్తున్నాడు. వెనక సైన్యం. అత్తయ్యగారు టీవీకి ముక్కు ఆనించి, "ఏడీ? నా కొడుకేడీ?" అన్నారు. పాట అయిపోయింది. మళ్లీ వేశాం. మళ్లీ అయిపోయింది. ఒక్కడికంటే ఒక్కడికి మొహం లేదు. అందరికీ ఇనుప బుర్రలే.

సరే, ఆపి చూద్దామని ఆపితే బొమ్మంతా గళ్లుగళ్లుగా విడిపోయేది. కాస్త కుదిరేలోపు కరెంటు పోయేది. కరెంటొచ్చి, ఒక మనిషి భుజాలు చూసి, "ఇదిగో ఈయనే కాబోలు" అనుకునేసరికి ఆ పాటగాడు సరిగ్గా అడ్డమొచ్చి నిలబడేవాడు. "నీ జుట్టు తగలెయ్యా, పక్కకి జరగరా!" అని నేను టీవీని ఎన్నిసార్లు తిట్టానో. నేను కాన్వెంటులో సోషల్ పాఠాలు చెప్పే టీచర్ని. నోరు అదుపులో పెట్టుకోవాలని నాకూ తెలుసు.

ఆయన శుక్రవారం మధ్యాహ్నాలు పక్కవీధి కిరాణాకొట్టుకి ఫోన్ చేసేవారు. ముందు అత్తయ్యగారు మాట్లాడాలి. కొబ్బరికాయ రేటు, మేనత్త మోకాళ్లు, ఎదురింటి దూడ, అన్నీ అయ్యాక నాకు రిసీవరొచ్చేది. అప్పటికి ఆయన కార్డులో డబ్బులు అడుగంటేవి.

"మీరు ఏ కవచంలో ఉన్నారండీ?" అనడిగాను, కుశలం కూడా అడక్కుండా.

"కనుక్కో చూద్దాం. టీచరమ్మవి కదా" అన్నారు. అవతల నలుగురు నవ్వడం వినబడింది.

ఒళ్లు మండిపోయింది. "ఆటలాడకండి. పాపకి చూపించాలి" అన్నాను.

"సరే, ఓ ముక్క చెబుతాను. నాది అసలు సిసలు పాతకాలం రాజులదంట. మ్యూజియంలో ఉండాల్సిందంట. ఆ షూటింగోళ్లే చెప్పేరు. జాగ్రత్తగా వాడమన్నారు కూడానూ." అంతే, లైను కట్.

ఈ ఒక్క ముక్క పట్టుకుని నేను రంగంలోకి దిగాను. అమలాపురం లైబ్రరీలో పాత ఇంగ్లిషు విజ్ఞాన సర్వస్వం సంపుటాలుండేవి. బడి వదలగానే బస్సెక్కి వెళ్లి, కవచాల పేజీలు తీసి, బొమ్మలు బుర్రలో దింపుకుని, ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చునేదాన్ని. అప్పుడు తెలిసింది ఆ పాట తీసినవాడి నిర్వాకం. ఒకే సైన్యంలో నాలుగు దేశాలవాళ్లూ వెయ్యేళ్ల తేడాలో పుట్టినవాళ్లూ భుజం భుజం రాసుకుని నడుస్తున్నారు.

ముందు వరసవాళ్లు మోకాళ్లపైకి గౌనులాంటిది కట్టుకుని, ఛాతీకి అడ్డంగా రేకుపట్టీలు బిగించుకున్నారు. అది రోము సైనికులది. ఉన్నదే, చరిత్రలో ఉంది. కాకపోతే వాళ్లలో ఒకడి చేతికి వాచీ కూడా ఉంది. ఆ వెనక చేప పొలుసుల్లా రేకులు ఒకదానిమీద ఒకటి కుట్టిన కవచంవాళ్లు. అదీ ఉన్నదే. కానీ ఈ రెండు వరసల్లోనూ అందరూ పొట్టివాళ్లే, మా ఆయన కారు. ఇక పొడుగాటివాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరిది గొలుసు చొక్కా. చిన్నచిన్న ఇనుప రింగులు ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లినది, గుండెమీద నాలుగు పలకలు, నెత్తిన మొనదేలిన టోపీ, దానినుంచి మొహం మీదకి పరదాలా వేలాడే గొలుసులు. పుస్తకంలో అచ్చంగా అదే బొమ్మ ఉంది. పారశీకుల దగ్గర్నుంచి మొగలాయీల దాకా వాడినదేనట. చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. మ్యూజియంలో ఉండాల్సినదంటే ఇదే కదా మరి!

ఇంకొకడిది నల్లటిది. దాన్ని ఏ దేశం పేజీలోనూ వెతకక్కర్లేదు. నెత్తిమీద గేదెకొమ్ములంత కొమ్ములు. అవతలివాడి కత్తి తగులుకోవడానికి చక్కగా కొక్కెం తగిలించినట్టు. భుజాలమీద మేకులు. చెయ్యెత్తితే సొంత చెవే ఊడుతుంది. నడుముకి పుర్రె. మొహానికి కోరల మాస్కు, దానికి కళ్లదగ్గర రెండు కన్నాలు. ఎవడో కూర్చుని కలగని గీసిన బొమ్మ తప్ప, దాన్ని తొడుక్కుని బతికి బట్టకట్టిన మనిషి లోకంలో లేడు. దాన్ని నేను మొదటిరోజే కొట్టిపారేశాను.

అయినా రెండో అభిప్రాయం ఉండాలని మా మేనమామని పిలిపించాను. ఆయన అమలాపురంలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చేవారు. కిరీటాలూ భుజకీర్తులూ గదలూ ఆయన ఇంట్లో అటకనిండా. కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఈ గౌన్లోళ్లు భటులమ్మాయ్. వీళ్లకి డైలాగుండదు. ఈ గొలుసాయన సేనాధిపతి, లేదంటే యువరాజు. చూసేవా ఆ నడక? మరి ఈ కొమ్ములోడున్నాడే, రాక్షసుడు. కొమ్ములు పెట్టేరంటే రాక్షసుడే, ఇంకో మాటే లేదు. లోపల స్పాంజి, పైన రంగు. పని బాగుంది కానీ చెమటకి ఆగదు."

"ఆయన ఏది వేసుంటారు మావయ్యా?"

"రాక్షస వేషం ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరమ్మా. దానికి గొంతుండాలి. అల్లుడుగారికి గొంతెక్కడిదీ? అన్నం పెట్టమని అడగడానికే మొహమాటపడతారు. గొలుసాయనే, ఖాయం."

అత్తయ్యగారైతే ఆ చర్చ వినడానికే ఒప్పుకోలేదు. "నా కొడుకు రాక్షసుడి వేషం కడతాడా? వాడి మొహంలో లక్ష్మీకళ ఉంటుంది" అన్నారు. మొహం కనబడని వేషానికి మొహంలో కళతో పనేమిటని అడగబోయి నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆవిడా నా పక్షమే మాట్లాడుతున్నారు.

ఆ మరుసటి శుక్రవారం ఫోన్‌లో, "కనిపెట్టేశానండీ" అన్నాను గర్వంగా.

"శెభాష్! పట్టేసేవన్నమాట. ఎలా ఉన్నాను?" అన్నారు.

"రాజులా ఉన్నారు."

ఆయన సిగ్గుపడి నవ్వారు. ఇద్దరం సంతోషంగా ఫోన్ పెట్టేశాం. ఏ కవచమో పైకి చెప్పి ఖాయం చేసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. సోషల్ టీచర్ని కదా, పుస్తకంలో ఉంటే చాలనుకున్నాను. ఆ తరవాత ఆయన్ని ఎక్కడో దూరపు సైటుకి మార్చారు. ఫోన్లు నెలకొకటి కూడా లేవు. వచ్చినా అత్తయ్యగారి దగ్గరే అయిపోయేవి.

ఆ నెలల్లో పాపకి నాన్నని నేర్పాను. చేపల చెరువు డబ్బులు రాగానే మా నాన్నగారు వీసీడీ ప్లేయరు కొనిపెట్టారు. రోజూ అన్నం వేళకి పాట వేసేవాళ్లం. గొలుసు చొక్కా ఆయన కనబడగానే "నాన్నేడీ?" అనేదాన్ని. పాప లేచి వెళ్లి టీవీ అద్దం మీద ముద్దు పెట్టేది. ఎంగిలి మరకలు తుడవలేక చచ్చేదాన్ని, కానీ ఎంత సంబరమో! గోడమీద ఫోటో కాదు, నడిచే నాన్న. పాప చీపురుపుల్ల పట్టుకుని ఆయనలా నడిచేది. స్కూల్లో నా తోటి టీచర్లకి కూడా చెప్పి మురిసిపోయాను.

ఒక్కటే గొడవ. పాట మధ్యలో ఆ కొమ్ములవాడు సైన్యంలోంచి విడిపోయి, తిన్నగా మనమీదకే నడిచొస్తాడు. దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చి, మాస్కు టీవీ నిండిపోయేలా నిలబడి, కన్నాల్లోంచి కళ్లు పెద్దవి చేసి చూస్తాడు. మొదటిసారి పాప కెవ్వుమని మంచం కిందకి దూరింది. చెమటలు పట్టి, ఒళ్లు వెచ్చబడింది. అత్తయ్యగారు దిష్టి తీశారు. ఆ ముక్క వచ్చేసరికి నేను ముందుకి జరపబోతే ఆ దిక్కుమాలిన ప్లేయరు పాట మొత్తం దాటేసి మళ్లీ మొదటికి వచ్చేది. విసుగెత్తి వదిలేశాను.

కొన్నాళ్లకి అదే ఉపయోగపడింది. పాపకి అన్నం తినిపించడమంటే గంటన్నర యాతన. బుగ్గలో పెట్టుకుని కూర్చునేది. అత్తయ్యగారు దారి కనిపెట్టారు. "తినకపోతే ఇనపబూచోడు వస్తాడు, అడుగో, అడుగో వచ్చేస్తన్నాడు!" అంటే చాలు, గబగబా మింగేసేది. ఆవిడ ఊళ్లోకి వెళ్లిన రోజు నేనే అనేదాన్ని. పాఠాలు, పేపర్లు, పొయ్యి మీద కూర, నాకు మాత్రం ఎన్ని చేతులున్నాయి? తరవాత తరవాత పాట కూడా అక్కర్లేదు. నల్లటి టీవీ చూపించి "బూచోడూ" అంటే గిన్నె ఖాళీ.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం కొట్టాయన కబురు పెట్టాడు. అత్తయ్యగారు పాపకి అన్నం కలుపుతున్నారు, నువ్వే వెళ్లిరా అన్నారు. అలా మొదటిసారి ఫోన్ ముందు నా చేతికే వచ్చింది.

"పాస్‌పోర్టు వచ్చేసింది. వచ్చే నెల వచ్చేస్తన్నాను" అన్నారు.

"వచ్చేస్తున్నారంటండీ" అని కొట్టాయనకి చెప్పేశాను.

"పాపకి పాట చూపిస్తున్నావా?"

"ఆయ్, రోజూనండి."

"నేను కెమెరా దగ్గరికంటా వచ్చేసేను, చూసేవా? అలా రమ్మనలేదు వాళ్లు. వెనక నిలబడి కత్తి ఊపమన్నారంతే. మొహం అంతా కప్పేసేరు కదా, పాపకి నా కళ్లయినా కనబడాలి కదా అని నేనే వచ్చేసేను. డైరెక్టరు అరిచేడు, ఆగలేదు. తరవాత ఆ ముక్కే బాగుందని ఉంచేసేరు."

గొలుసు చొక్కా ఆయన కెమెరా దగ్గరికి ఒక్కసారీ రాడు. ఆ పాటలో దగ్గరికి వచ్చేది ఒక్కడే.

"మీరు... మీరు వేసుకున్నది ఏదండీ?"

"అదేంటి, కనిపెట్టేసేనన్నావుగా! కొమ్ములది."

"అలాంటి కవచం ఏ దేశంలోనూ లేదండీ" అన్నాను. నా మొహం! ఆ సమయంలో నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"లేకపోవడమేంటి, నేను తొడుక్కున్నాను కదా? పాతకాలం రాజుగారిదని వాళ్లే చెప్పేరు. చెయ్యెత్తితే భుజం మీద మేకు మెడకి గుచ్చుకుని రక్తం వచ్చింది కూడానూ. అప్పటి రాజులెలా వేసుకునేవారో పాపం." ఆయన నవ్వారు. "మరి పాప ఏమంటుందే, నన్ను చూసి?"

ఏం చెప్పను? ఎవరో చేతికి స్పాంజి కొమ్ములిచ్చి రాజుగారివంటే ఆ మనిషి నమ్మారు. నేను ఆ మాట నమ్మి పుస్తకాలు తిరగేశాను. చరిత్రలో ఉన్నదాన్ని వెతికాను గానీ, ఇంట్లో వెతకాల్సినవి చూడనేలేదు. ఆ కన్నాల్లో కనబడే కళ్లు నాకు తెలియనివా? పెళ్లిలో తెర తీసినప్పుడు చూసిన కళ్లే కదా! రోజూ మా ఇంటికొచ్చి నిలబడి చూస్తుంటే, ప్లేయరు బటన్లు నొక్కుతూ తరిమేద్దామని చూశాను. నా మీద నాకే చెప్పు తీసుకుని కొట్టుకోవాలన్నంత కోపం వచ్చింది.

"మిమ్మల్ని చూస్తే అన్నం బాగా తింటుందండీ" అన్నాను.

"నా తల్లే! నా బంగారమే!" అన్నారు. లైను కట్టయింది.

వానలో తడుస్తూ ఇంటికి వచ్చాను. అత్తయ్యగారు పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముద్దలు చేస్తున్నారు. పాట నడుస్తోంది. వచ్చే నెల ఆయన వస్తున్నారనీ, ఏ వేషంలో ఉన్నారనీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఓలమ్మో" అన్నారు చిన్నగా.

కొమ్ములాయన సైన్యంలోంచి విడిపోయి మావైపు నడిచొస్తున్నారు. ఈసారి నేను కళ్లే చూశాను. అవే. ఎన్నిసార్లు చూసి ఉంటాను! పాపని ఒళ్లోకి తీసుకుని, గడ్డం పట్టుకుని, మొహం టీవీకేసి తిప్పాను.

"చూడమ్మా, భయం లేదు. ఆ కళ్లు చూడు. అది బూచోడు కాదు, నాన్నే తల్లీ. మన నాన్న. వచ్చే నెల మనింటికి వచ్చేస్తున్నారు" అన్నాను, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

పాప ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఏడవలేదు. అరవలేదు. నాకేసి చూసింది, వాళ్ల నాన్నమ్మకేసి చూసింది. గబగబా ముందుకి జరిగి నోరు తెరిచింది. అత్తయ్యగారు పెట్టకపోతే తనే గిన్నెలో చెయ్యిపెట్టి, రెండు చేతులతో అన్నం కుక్కుకుంటూ, "తినేత్తన్నానే అమ్మా, అంతా తినేత్తన్నాను, రావద్దని చెప్పవే" అంది.